పోరుపాటలో ఆశకు చోటెక్కడ? ముంపు ఊరి పాట గురించి ఒక సమాధానం

మీ ప్రశ్నను ముందు నాకు అర్థమైనట్టు చెప్పుకొని మొదలుపెడతాను. జలాశయం కింద మునిగిపోయిన మీ ఊరి మీద నాలుగు చరణాల పాట రాశారు. మొదటి మూడు చరణాలకు విన్నవాళ్ళు కంటతడి పెట్టారు గానీ, రేపటి మీద నమ్మకం చెప్పే నాలుగో చరణం వచ్చేసరికి అది అతికించినట్టుందని అందరూ అన్నారు. తెలంగాణ పోరుపాటల్లో దుఃఖమూ ఆశా ఒకే గొంతులో ఎలా పలికాయి, మీ పాటలో అది ఎందుకు కుదరలేదు అని అడిగారు. ఈ పాటలను ఏళ్ళ తరబడి పాడుతూ, కొత్తవాళ్ళకు నేర్పుతూ వచ్చిన అనుభవంతో సమాధానం రాస్తున్నాను.

గుంపులో నిలిచిన పోరుపాటల్లో ఆశ చివరి చరణంలో ఉండదు. అది పల్లవిలో ఉంటుంది. పల్లవి అర్థం కన్నా కూడా, ఆ పల్లవిని ఎవరు అందుకుంటారన్న దానిలో ఉంటుంది. చరణం ఒక్కరు పాడతారు, పల్లవిని వంతవాళ్ళు, వాళ్ళ వెనక జనం అందుకుంటారు. ఒక్క గొంతు చెప్పిన బాధకు వంద గొంతులు బదులిచ్చిన క్షణంలోనే విన్నవాడికి ధైర్యం వస్తుంది, దాన్ని చరణంలో మళ్ళీ మాటల్లో పెట్టి చెప్పవలసిన పని ఉండదు. మీ పాటలో పల్లవి కూడా ఒంటరి మనిషి ఏడుపుగానే ఉన్నది కాబట్టి, ఆశను మోయవలసిన బరువంతా నాలుగో చరణం మీద పడింది. ఒక్క చరణం అంత బరువు మోయలేదు.

ఇక దుఃఖం సంగతి కొంచెం వివరంగా చూడాలి, ఎందుకంటే దుఃఖం సరిగా కట్టని పాటలో ఆశకు ఆధారం దొరకదు. మన పల్లెల్లో చావు జరిగిన ఇంటి ముందు ఆడవాళ్ళు రాగం తీసి ఏడుస్తారు. శ్రద్ధగా విన్నవాళ్ళకు ఆ ఏడుపులో ఒక కట్టుబడి తెలుస్తుంది. పోయిన మనిషిని వరస పెట్టి పిలుస్తారు, అతడు బతికున్నప్పుడు చేసిన పనులను ఒక్కొక్కటిగా తలుచుకుంటారు, ఇకమీద ఆ పని ఎవరు చేస్తారని అడుగుతారు. నా గుండె బరువెక్కిందనీ, నా కన్నీరు ఆగదనీ తమ గురించి చెప్పుకోవడం అందులో చాలా తక్కువ. మాట అంతా పోయిన మనిషి గురించీ, అతడు వదిలి వెళ్ళిన పనిముట్ల గురించీ, పొలం గురించీ, పిల్లల గురించీ సాగుతుంది. మన పోరుపాట ఈ పద్ధతిని తన కన్నతల్లుల నుంచే నేర్చుకున్నది.

గోరటి వెంకన్న గారి 'పల్లె కన్నీరు పెడుతుందో' పాటను ఈ దృష్టితో మళ్ళీ వినండి. 2002లో వచ్చిన 'కుబుసం' సినిమా ద్వారా అది తెలుగువాళ్ళందరికీ చేరింది. ఊరు అనే మనిషి చావుబతుకుల్లో ఉంటే ఆమె పక్కన కూర్చొని ఏడ్చినట్టే ఆ పాట నడుస్తుంది. కుమ్మరి వాము, కమ్మరి కొలిమి, వడ్రంగి బాడిస, సాలెల మగ్గం, ఇలా ఏ పనిముట్టు ఏ గతి పట్టిందో వరసగా చెప్పుకుంటూ పోతారు. చేతివృత్తులు కూలిపోవడం గురించి పెద్ద వ్యాసాలు చేయలేని పనిని, వాములో మొలిచిన తుమ్మ ఒక్కటే చేసింది. ఆ పాట ఊరూరా పాకిన రోజులు ఎలాంటివో గుర్తు చేసుకుంటే దాని బలం ఇంకా తెలుస్తుంది. 1997-98లో పత్తి పంట దెబ్బతిని వరంగల్లు జిల్లాలో రైతులు ఆత్మహత్యలు చేసుకున్నారు, సిరిసిల్లలో నేత కార్మికుల ఇళ్ళలో అదే విషాదం నడిచింది, పాలమూరు కూలీలు ఊళ్ళకు ఊళ్ళు ఖాళీ చేసి దూరదేశాల పనులకు వలస పోయారు, చెరువులు పూడిపోయి బావులు ఎండిపోయాయి. వినేవాళ్ళ ఇంట్లో ఆ పనిముట్లు అటక మీదనో, పెరట్లోనో నిజంగానే పడి ఉన్నాయి.

అయితే ఇంత ఏడుపు పాటలో ఆశ ఎక్కడున్నదని మీరు అడగవచ్చు. పల్లవిలో 'కనిపించని కుట్రల' అన్న మాట ఉన్నది చూడండి, అక్కడున్నది. ప్రతి చరణం ఒక నష్టాన్ని చెప్పగానే పల్లవి తిరిగి వచ్చి, ఇది దానంతట అది జరిగింది కాదు, కంటికి కనపడకుండా ఎవరో చేస్తున్నారు అని గుర్తుచేస్తుంది. కరువు వచ్చింది, కాలం మారింది, మన రాత ఇంతే అనుకునే మనిషికి చేయగలిగింది ఏమీ ఉండదు. ఇది ఎవరో చేసిన పని అని తెలిసిన మనిషికి అడగడానికి ఒక గడప ఉంటుంది. పోరుపాటలో ఆశకు మొదటి మెట్టు ఇదేనని నా నమ్మకం. వెలుగు, ఉదయం, రేపటి సూర్యుడు లాంటి మాటలు ఆ తర్వాత వస్తే రావచ్చు, రాకపోయినా లోటు లేదు.

ఇది కొత్తగా పుట్టిన పద్ధతి కూడా కాదు. సహాయ నిరాకరణ ఉద్యమ కాలంలో గరిమెళ్ళ సత్యనారాయణ గారు రాసిన 'మాకొద్దీ తెల్లదొరతనము' పాటలో చరణాలన్నీ బాధలే. దేశం నిండా పంట పండుతున్నా పట్టెడన్నం దొరకదనీ, ఉప్పు ముట్టుకుంటే నేరమనీ ఒక్కొక్క కష్టాన్నీ ఇంటి మనిషికి చెప్పుకున్నట్టు 'అండీ' అంటూ చెప్పుకుంటారు. ఎదురు తిరగమని గానీ, మంచి రోజులు వస్తాయని గానీ ఏ చరణమూ ఉపన్యసించవలసిన అవసరం రాలేదు. ప్రతి కష్టం తర్వాతా జనం 'మాకొద్దీ' అని తామే అనవలసి రావడంతో పని జరిగిపోయింది. ఆ పాట రాసి పాడినందుకు ఆయన జైలుకు వెళ్ళారు. ప్రభుత్వాన్ని భయపెట్టింది చరణాల్లోని ఫిర్యాదు మాత్రమే అయి ఉండదు, వీధుల్లో జనం కలిసి పలికిన ఆ నిరాకరణ కూడా.

తెలంగాణకు తిరిగి వస్తే, 1946 నుంచి 1951 దాకా సాగిన సాయుధ పోరాటం మన పాటకు పెద్ద బడి. సుద్దాల హనుమంతు గారు గొల్లసుద్దులనే జానపద కథాగాన రూపాన్ని పోరాటానికి మలిచారు. ఆయన 'పల్లెటూరి పిల్లగాడా' పాట జీతానికి కుదిరిన ఒక పసివాడితో మాట్లాడుతుంది. వాడి చాలీచాలని చింపులంగీ, చలిగాలికి కప్పుకున్న గోనె కొప్పెర, దానికి పడ్డ చిల్లులు, ఇవన్నీ పాటలో ప్రశ్నలుగా వస్తాయి. వెట్టిచాకిరి అన్యాయమని ఎక్కడా తీర్పు చెప్పకుండానే, ఆ చిల్లులు లెక్కపెట్టావా అని పిల్లవాడిని అడగడంతో వినేవాడి గుండె పిండినట్టవుతుంది. దానికి తోడు ఆ పిల్లవాడిని మొదటి పాదంలోనే 'మొనగాడా' అని పిలిచారు. దొర ఇంట్లో వాడికి పేరే ఉండదు, తిట్టే పేరు. పాటలో మాత్రం వాడు మొనగాడు, ఆ పిలుపును గుంపంతా కలిసి మళ్ళీ మళ్ళీ అంటుంది. జాలి పడుతూనే మనిషిని నిలబెట్టడం అంటే ఇది. ఈ పాటనూ, బండి యాదగిరి కట్టిన 'బండెనక బండి కట్టి' పాటనూ తర్వాతి తరాలకు దగ్గర చేసింది 'మా భూమి' సినిమా. రెండో పాటలో గద్దర్ గారే తెర మీద కనిపిస్తారు.

'బండెనక బండి కట్టి' గురించి ఒక సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. అది కోపం పాట, దానిలో ఏడుపు తక్కువ. కానీ మీకు పనికివచ్చే విషయం అందులో ఊర్ల పేర్లున్న చోట ఉన్నది. చుట్టూ సూర్యాపేట, నడుమ నల్లగొండ, అవతల హైదరాబాదు, దాని పక్కన గోలుకొండ అని పేర్లు చెప్పుకుంటూ పోయేసరికి, పాలకుడు తన కోటలో చుట్టుముట్టబడి ఉన్నాడన్న చిత్రం పాడేవాళ్ళ కళ్ళ ముందు నిలుస్తుంది. అప్పటికి నైజాము సర్కారు గద్దె మీదనే ఉన్నది, రజాకార్లు ఊళ్ళ మీద పడుతూనే ఉన్నారు. ఆ పరిస్థితిలో తన తాలూకా పేరును పాటలో విన్న రైతుకు తాను ఒంటరిగా లేడని తెలియడం చిన్న సంగతి కాదు. మీ పాటలో ఊరి పేరు ఒక్కసారి కూడా రాలేదు. 'నా పల్లె', 'నా నేల' అని మాత్రమే ఉన్నది. ఏ పల్లెకైనా సరిపోతుందని అలా రాసి ఉంటారు, కానీ పేరున్న ఊరి బాధే మిగతా ఊళ్ళకు తమదిగా తోస్తుంది.

గూడ అంజయ్య గారి 'ఊరు మనదిరా' పాటలో ఈ సంగతి మరో రూపంలో కనపడుతుంది. ఊరు మనది, వాడ మనది, ప్రతి పనికీ మనమే ఉన్నామని చెప్పి, నడుమ ఈ దొర ఎవరని అడుగుతారు. నిజానికి పాడే రోజున ఊరు వాళ్ళది కాదు, భూమి దొరది, పంట దొరది. రేపు మనది అవుతుందని రాసి ఉంటే అది ఒక కోరికగా మిగిలేది. ఇవాళే మనదని అనడంతో పాడినవాడు తలెత్తి నిలబడ్డాడు. దీన్నిబట్టి నేను నేర్చుకొని, నేర్పుతూ వచ్చిన పద్ధతి ఏమిటంటే, ఆశను భవిష్యత్తు క్రియలలో రాసినప్పుడల్లా దాన్ని వర్తమానంలో చెప్పగలమా అని ఒకసారి చూసుకోవాలి. మీ నాలుగో చరణంలో 'వస్తుంది', 'పూస్తుంది', 'వెలుగుతుంది' అనే మాటలే వరసగా ఉన్నాయి. అవి ఎవరు చేస్తారో, ఎప్పుడు చేస్తారో ఆ మాటల్లో లేదు.

ప్రత్యేక తెలంగాణ కోసం 1990ల తర్వాత సాగిన మలిదశ ఉద్యమంలో పాట చేసిన పని మీకు చాలావరకు తెలిసినదే కనుక క్లుప్తంగా చెబుతాను. బెల్లి లలిత గారు భువనగిరి ప్రాంతంలో తన పాటతో జనాన్ని కదిలించి 1999లో హత్యకు గురయ్యారు. 2002లో కామారెడ్డిలో మొదలైన ధూంధాం ఊరూరా రాత్రంతా జరిగే సభగా మారింది. నీళ్ళు, నిధులు, నియామకాలు అనే లెక్కలను సామాన్యుడి ఇంటి కష్టంగా మార్చి చెప్పినది ఆ వేదిక మీది పాటే. గద్దర్ గారి 'అమ్మా తెలంగాణమా' పాట పల్లవి, తల్లిని పిలుస్తూ, ఆకలి కేకలనూ గానాన్నీ ఒకే పాదంలో పక్కపక్కన పెట్టింది. 1997లో జరిగిన కాల్పుల తర్వాత తూటాను ఒంట్లో మోస్తూనే ఆయన 2023లో కన్నుమూసేదాకా పాడారు. అందెశ్రీ గారి 'జయ జయహే తెలంగాణ' గీతాన్ని మాత్రం మీ పాటకు నమూనాగా తీసుకోవద్దని చెబుతాను. 2024లో రాష్ట్ర గీతమైన ఆ పాట తల్లి వైభవాన్ని కొనియాడే వందనం, దాని పని వేరు. ముంపు ఊరి పాటకు ఆ ఎత్తైన సమాసాలు బరువవుతాయి.

ఉద్యమంలో తమ ప్రాణాలు తామే తీసుకున్న యువకుల మీద వచ్చిన పాటల గురించి ఇక్కడ ఒక మాట చెప్పకుండా ఉండలేను, ఎందుకంటే మీ మూడో చరణంలో అలాంటి ప్రస్తావన ఉన్నది. 2009 చివరి నుంచి ఎన్నో ఇళ్ళలో కొడుకులు, బిడ్డలు పోయారు. వాళ్ళ మీద వచ్చిన పాటల్లో కొన్ని చావును పూలదండలా అలంకరించాయి. అవి విన్న పద్దెనిమిదేళ్ళ పిల్లవాడికి ఏ సందేశం అందిందో తలుచుకుంటే నాకు ఇప్పటికీ దుఃఖం వస్తుంది. మిట్టపల్లి సురేందర్ గారి 'రాతి బొమ్మల్లోన కొలువైన శివుడా' పాట అందుకు భిన్నంగా తల్లి వైపు నిలబడింది. ఆ తల్లి తన కొడుకు గొప్పగా చనిపోయాడని అనదు. రాతిబొమ్మలో కూర్చున్న దేవుడికి రక్తబంధం విలువ తెలియదని నిలదీస్తుంది, చెట్టంత కొడుకును తిరిగి తెచ్చివ్వగలవా అని అడుగుతుంది. ఆ పాట విన్నవాళ్ళలో ఇంకొకడు చనిపోవాలని ఎవరికీ అనిపించదు. బతికి సాధించాలని అనిపిస్తుంది. మీ మూడో చరణంలో పోయిన ఆ మనిషిని 'అమరజ్యోతి'గా మార్చారు. దయచేసి ఆ మాటను తీసేసి, అతడు ఊళ్ళో ఏ పని చేసేవాడో, ఇప్పుడు ఆ పని లేక ఎవరు ఇబ్బంది పడుతున్నారో రాయండి.

పాట కట్టే తీరు గురించి కూడా అడిగారు. మన పాటలో సాకీ అని ఒకటి ఉంటుంది, తాళం లేకుండా రాగంలో సాగే మొదటి నాలుగు మాటలు. ఏడుపుకు అది సరైన చోటు. సాకీ ముగిసి డప్పు దరువు అందుకోగానే వినేవాళ్ళ ఒళ్ళు తనంతట తానే కదులుతుంది, అప్పుడు పల్లవి రావాలి. దుఃఖం నుంచి ధైర్యానికి నడవడం అన్నది ముందు దరువులో జరుగుతుంది, మాట దాని వెంట వస్తుంది. మీరు పంపిన రికార్డింగులో మొదటి నుంచీ చివరిదాకా కీబోర్డు మీద ఒకే విషాద రాగం వినపడింది. దాన్ని పూర్తిగా తీసేసి, ఒక్క డప్పుతో, అదీ సాకీ అయ్యాకే మొదలుపెట్టి పాడి చూడండి. బతుకమ్మ పాటల ఉయ్యాల వరస కూడా మీ విషయానికి బాగా ఒదుగుతుంది, ఎందుకంటే ఆ ఆటలో ముందుగా పాడేవాళ్ళూ, చుట్టూ తిరుగుతూ అందుకునేవాళ్ళూ ఎప్పటినుంచో ఉన్నారు, వంత నేర్పవలసిన పని లేదు. ఉత్తరాంధ్రలో శ్రీకాకుళ పోరాట కవి సుబ్బారావు పాణిగ్రాహి గారు జముకుల కథ అనే జానపద కథాగానాన్ని ఎన్నుకోవడం వెనక కూడా ఇదే ఆలోచన ఉన్నదని నా ఊహ, జనానికి అప్పటికే అలవాటైన చోట వాళ్ళను పలకరించడం.

ఇప్పుడు మీ పాటకు వస్తాను. ముంపు ఊరికి ఒక ప్రత్యేకమైన చిక్కు ఉన్నది. వలస పోయినవాడు తిరిగి రావచ్చు, ఎండిన చెరువు నిండవచ్చు, మునిగిన ఊరు మాత్రం తిరిగి రాదు. అందుకే మీ నాలుగో చరణంలో 'మళ్ళీ పచ్చగా మారుతుంది' అన్న మాట అబద్ధంగా వినపడింది, విన్నవాళ్ళకు అతుకు తెలిసింది అక్కడే. మీ ఊరి విషయంలో ఆశ పెట్టుకోగలిగింది నేల మీద కాదు, ఆ నేల మీది మనుషులు చెదిరిపోకుండా ఒకరినొకరు ఎరిగి ఉండడం మీద, రావలసిన పరిహారం, ఇంటి జాగా, పిల్లల చదువు అందరికీ అందేదాకా కలిసి అడగడం మీద. మీ లేఖలో ఒక వాక్యం రాశారు. పునరావాస కాలనీలో ఇళ్ళు లాటరీ పద్ధతిలో ఇవ్వడంతో పక్కిళ్ళవాళ్ళు ఎక్కడెక్కడికో పడిపోయారనీ, మీ నాయనమ్మ పాత వాడకట్టు మనుషుల పేర్లను రోజూ వరసగా తలుచుకుంటుందనీ. పాట అసలు అక్కడున్నది, అది మీరు లేఖలో రాసి పాటలో వదిలేశారు.

ఆ పేర్ల వరసనే పల్లవి చేస్తే ఎలా ఉంటుందో చూపడానికి రెండు పాదాలు రాస్తున్నాను. ఇది నమూనా మాత్రమే, మీ ఊరి దేవత పేరూ మీ యాసా పెట్టుకొని మార్చుకోండి. ఒక్కరు పాడేది: 'కట్ట మీది మైసమ్మా, కట్ట మునిగె పోచమ్మా, ఎవరెవరున్నరొ పేరు పేరున పిలువమ్మా'. గుంపు అందుకునేది: 'ఉన్నం తల్లీ ఉన్నం, పిలిస్తె పలుకుతున్నం'. మొదటి చరణంలో తూర్పు వాడకట్టు, రెండో చరణంలో చెరువు కిందివాళ్ళు, మూడో చరణంలో పోయినవాళ్ళు. పోయినవాళ్ళ పేరు పిలిచినప్పుడు కూడా గుంపు 'ఉన్నం' అనే పలకాలి, ఆ మనిషి తరఫున వాళ్ళింటివాళ్ళు ముందు పలికితే ఇంకా మంచిది. ఇలా కడితే నాలుగో చరణం అవసరమే రాదు. కావాలంటే అందులో పరిహారం లెక్క అడగండి, ఎన్ని ఎకరాలకు ఎంత రావాలో, ఎంత వచ్చిందో మీ ఊరి అసలు లెక్కలతో. పాటలో అంకెలు బాగుండవని కొందరు అంటారు. పదహారు బండ్లని లెక్క చెప్పిన 'బండెనక బండి కట్టి' పాట డెబ్బై ఏళ్ళకు పైగా నిలిచింది.

రాయడం అయ్యాక మైకు ముందుకు వెళ్ళకుండా, మీ కాలనీలో వయసు మళ్ళిన ఆడవాళ్ళు నలుగురు కూర్చునే చోట వాయిద్యం లేకుండా పాడండి. వాళ్ళు ఏ పాదాన్ని రెండోసారికే అందుకున్నారో, ఎక్కడ ఊరుకున్నారో గమనించండి. అందుకోని పాదంలో సాధారణంగా పుస్తకం మాట ఒకటి దూరి ఉంటుంది. వాళ్ళు ఏ పేరైనా మరిచిపోయారని సరిదిద్దితే వెంటనే రాసుకోండి, పేరు జారిపోయిన ఇల్లు పాటను తనదనుకోదు. పల్లవి గుంపులో నిలబడిందని మీకు నమ్మకం కుదిరాక కొత్త చరణాలు పంపించండి, దరువు ఎక్కడ అందుకోవాలో, సాకీ ఎంతసేపు సాగాలో అప్పుడు కూర్చొని మాట్లాడుకుందాం.